ముంజేతి మీద కళ్లద్దాలు

"తీయను."

తలుపు అవతలి నుంచి అంతే వినిపించింది. ప్లీడరు మళ్లీ అరచేత్తో దబదబా బాదాడు.

"అక్కా! ఇవాళ సాయంత్రం చేరితేనే రేపు పొద్దున ఆపరేషన్. చీకటి పడేలోగా రమ్మన్నారు. తియ్యి!"

"ఆపరేషన్ అంత ముచ్చటగా ఉంటే నువ్వే చేయించుకో."

"నాకెందుకు? నా కళ్లు బాగానే ఉన్నాయి."

"అయితే ఆ బాగున్న కళ్లతో మెట్లు చూసుకుంటూ కిందికి పో."

వీడు మా అన్నయ్య కొడుకు. కిటికీలకు అద్దాలు బిగించే పని. నోరు విప్పితే వాదన తప్ప మరోటి రాదు కాబట్టి ఇంట్లో అందరం ప్లీడరనే పిలుస్తాం. లోపల గడియ వేసుకున్నది వాడి అక్క, మా దొరసాని. ఆ పేరు నేను పెట్టిందే. పుట్టగానే ఎత్తుకోబోతే నన్ను ఎగాదిగా చూసి మొహం తిప్పుకుంది మరి!

మేముంటున్నది మా కళ్లద్దాల షాపు మీది వాటాలో. అన్నయ్య పోయాక షాపు నడుపుతున్నది దొరసానే. ఎవరి కంటికి ఏ అద్దమో చూసేదీ, దాన్ని సాన పట్టి ఫ్రేములో ఇమిడ్చేదీ తనే. నేను కౌంటరు దగ్గర కూర్చుని, ఏ ఫ్రేము పెట్టుకున్నా సినిమా హీరోలా ఉన్నారని చెప్పి పంపిస్తుంటాను. అంతకు మించి నన్ను దేనికీ నమ్మరు.

వదిన పైమెట్టు మీద కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుని, కూతురి తలుపునూ చూడకుండా, కొడుకు అరుపులూ వినకుండా, పక్కనున్న తన గది తలుపు వైపు చూస్తోంది.

"అమ్మా, నువ్వైనా చెప్పు!" అన్నాడు ప్లీడరు.

"చెప్పాను నిన్న," అంది వదిన. 

నేను వాణ్ని పక్కకు జరిపి తలుపుకు చెవి ఆనించాను.

"దొరసానమ్మా, నేను."

"తెలుస్తోందిలే. ఆ ఆయాసం ఇంకెవరిది?"

"ఒక్కసారి తియ్యి. నీకో రహస్యం చెప్పాలి."

"కిందటిసారి రహస్యమని పిలిచి చేతిలో రబ్బరు బల్లి పెట్టావు."

"ఈసారి బల్లి లేదు. ఒట్టు."

"నువ్వు ఒట్టేశావంటే రెండు బల్లులున్నట్టు."

లోపల చిన్న నవ్వు. అది సగంలోనే తెగిపోయింది. తర్వాత తడుముకుంటూ వస్తున్న చేతుల చప్పుడు. గోడ, కుర్చీ, మళ్లీ గోడ. గడియ కదిలింది.

"బాబాయ్ ఒక్కడే. వాడు కాలు పెట్టాడంటే మళ్లీ వేసేస్తా."

లోపల పట్టపగలే రాత్రిలా ఉంది. కిటికీలకు షాపులోని నల్లగుడ్డ మేకులతో కొట్టించుకుంది. వెలుతురు తగిలితే కళ్లల్లో సూదులు దిగుతున్నట్టుంటుందట. తలుపు సందులోంచి పడ్డ గీతంత వెలుగులో ఒక్క క్షణం దాని మొహం చూశాను. కళ్లలో వేసే చుక్కలమందుకి పాపలు పెద్దవైపోయి, కంటి రంగే మింగేశాయి. ఎర్రబడ్డ తెల్లగుడ్డు మధ్య రెండు నల్లటి బిలాలు. నావైపే చూస్తున్నాయి గానీ నా మీద ఆగడం లేదు.

తలుపు మూసింది. చీకటి మొహం మీద గుడ్డలా పడింది.

"చెయ్యి ఇలా ఇవ్వు," అంది.

నా వేలు పట్టుకుని తన ఎడమ ముంజేతి మీద పెట్టింది.

అక్కడ పచ్చబొట్టుంది. అన్నయ్య పెట్టుకునే గుండ్రటి కళ్లద్దాలు. మొహం లేదు, వట్టి కళ్లద్దాలే. ఆయన పోయాక అక్కాతమ్ముళ్లిద్దరూ వెళ్లి పొడిపించుకున్నారు. దీనికి ముంజేతి మీద, వాడికి భుజం మీద. మామూలుగా కాదు. తల్లిని అడిగి తండ్రి బూడిద చిటికెడు తీసుకెళ్లి, రంగులో కలిపించి మరీ. నాన్న ఇక ఎప్పటికీ మాతోనే అన్నారు. నన్నూ రమ్మన్నారు గానీ, సూదిని చూస్తే పడిపోయే మనిషిని, పారిపోయాను.

చాలాకాలం అది చర్మం మీద గీసిన బొమ్మలాగే పడుంది. ఈమధ్యే లేవడం మొదలుపెట్టింది. మొదట దురద. తర్వాత దారం అతికించినట్టు గీతంతా ఉబ్బింది. ఇప్పుడు...

నా వేలు వెనక్కి లాక్కోబోయాను. దొరసాని వదల్లేదు.

"సరిగ్గా పట్టుకో. షాపులో రోజూ పట్టుకునేదేగా."

అదే భయం. నా వేళ్లకు అది చర్మంలా తగల్లేదు. ఫ్రేములా తగిలింది. రెండు గుండ్రాలు, మధ్యన ముక్కు మీద ఆనే వంపు, పక్కన వంగిన కాడ. గట్టిగా, నున్నగా, కాస్త వేడిగా. కళ్లు మూసుకుని నూరు ఫ్రేముల్లో పెట్టినా ఇది మా అన్నయ్యదేనని చెప్పేస్తాను. గుండ్రం లోపల చర్మం పల్చగా ఉంది. దాని కింద నరం కొట్టుకుంటోంది, టపటపా రెప్పలు వాలుతున్నట్టు.

"చూస్తున్నాడు కదూ?" అంది మెల్లగా.

"ఎవరు?"

"ఇది లేచినప్పుడల్లా నా కళ్లు మసకేస్తాయి బాబాయ్. ఆ మసకలో ఒక నల్ల మనిషి నడుస్తాడు. తలా, భుజాలూ కనిపిస్తాయి. ఎడమ నుంచి కుడికి వెళ్తాడు. సరిగ్గా చూద్దామని కన్ను తిప్పానా, పక్కకి జరిగిపోతాడు. నాన్నా అంతేగా! పిలిస్తే ఏనాడైనా ఆగాడా?"

నాకు తెలియకుండానే చీకట్లో ఎడమవైపు చూశాను.

"డాక్టరమ్మ చెప్పింది కదే, అవి కంటి లోపల వాపు వల్ల తేలే నలుసులని."

"డాక్టరమ్మకి మా నాన్న నడక తెలుసా?"

డాక్టరమ్మ చెప్పినప్పుడు నేనూ పక్కనే ఉన్నాను. నా బుర్రకు ఎక్కినంతలో విషయం ఇది. ఒంట్లో కాపలావాళ్లుంటారు. కొత్త సరుకేదైనా లోపలికొస్తే తరిమేస్తారు. పచ్చబొట్టులో పడ్డ పొడిని చూసి దొంగనుకున్నారు. కొట్టారు, చావలేదు. తరిమారు, కదల్లేదు. దాంతో పిచ్చెక్కి, ఎవరు దొంగో ఎవరు ఇంటివాళ్లో తెలియక సొంత ఇంటివాళ్లనే బాదడం మొదలుపెట్టారు. దొరికినవి పాపం కళ్లు. మాత్రలు వేస్తే కాపలావాళ్లు పడుకుంటారు, చెయ్యీ కన్నూ రెండూ చల్లబడతాయి. మాత్ర తగ్గించగానే రెండూ కలిసి లేస్తాయి. "పచ్చబొట్టు తీసేస్తే అంతా తగ్గుతుందని మాటివ్వలేను. తీయకపోతే ఏమవుతోందో మాత్రం మీరే చూస్తున్నారు. ఇంకోసారి ఇలా లేచిందంటే చూపు తిరిగి రాకపోవచ్చు," అంది ఆవిడ.

"దొంగంటున్నారు బాబాయ్, నాన్నని!" అంది దొరసాని. "ఈ పచ్చబొట్టు కోశాక ఏం చేస్తారని అడిగాను. చిన్న సీసాలో వేసి, చీటీ అంటించి పరీక్షకి పంపిస్తారట. నా చేత్తో నాన్నని సీసాలో పెట్టిస్తానా? నా వల్ల కాదు. ఆయనకి నా కళ్లు కావాలంటే తీసుకోనీ."

నేను కుర్చీ తడుముకుని కూర్చున్నాను. 

"అమ్మ కూడా నిన్న వచ్చి అబద్ధం చెప్పిపోయింది," అంది.

"వదినా? అబద్ధమా?"

"ఈ పచ్చబొట్టులో నాన్న లేడట. ఎంత బాగా చెప్పిందో! ఎవరు నేర్పారో నాకు తెలియదనుకుంది."

"ఎవరు నేర్పారు?"

చీకట్లో దాని వేలు సూటిగా వచ్చి నా పొట్టలో గుచ్చుకుంది.

"ఇంకెవరు?"

*

వంటగదిలో వదిన టీ కప్పులో పంచదార వేసి చాకు వెనకవైపుతో కలుపుతోంది. పంచదార డబ్బాలో ఉండే చిన్న చెంచా ఎప్పుడో మాయమైంది. కాడ మెలితిరిగిన చెంచా. నేనే దాచానని ఇంటిల్లిపాదీ తీర్మానించారు. దాచలేదు మొర్రో అని ఎన్నిసార్లు చెప్పినా, ఎక్కడ దాచానో చెప్పమనే అడుగుతారు.

"వదినా, పిల్లకి ఏం చెప్పావు?"

"ఉన్నదే చెప్పాను."

"అందులో అన్నయ్య లేడనా?"

చాకు ఆగింది.

"పిల్లలు చిటికెడు అడిగారు కదా ఆ రోజు. సరేనని గదిలోకి వెళ్లి, నీళ్లలో కలపనివ్వకుండా దాచుకున్న ఆయన బూడిద జాడీ మూత తీశాను. చెయ్యి పెట్టబోయాను. పెట్టలేకపోయాను." ఆమె గొంతు మామూలుగానే ఉంది, కూరగాయల ధర చెబుతున్నట్టు. "ఇంజక్షనంటే మంచం కింద దూరే మనిషి. ఆయన్ని తీసుకెళ్లి సూదికి ఎలా ఇస్తాను?"

"మరి?"

"షాపులోకి దిగాను. సాన కింద డబ్బాలో పొడి ఎండిపోయి ఉంది. బూడిద రంగే. కాస్త కాగితంలో మడిచి ఇచ్చాను. అదీ ఆయన చేతి కింద రాలిందేగా, ఆయనదే అనుకోవచ్చు అనిపించింది."

 ఆ పొడి నాకు తెలుసు. అద్దాల్ని సాన పట్టేటప్పుడు నీళ్లతో కలిసి కారే గాజు బురద. దాన్లో పాలిష్ పొడీ, సానరాయి అరిగి రాలిన పొడీ, ఇంకా ఏమేముంటాయో ఆ డబ్బాకే తెలియాలి.

"గాజుపొడి ఇచ్చావా వదినా? పిల్లల ఒంట్లోకి?"

"పచ్చబొట్టంటే పైపైన అద్దేదనుకున్నానయ్యా. లోపలే ఉండిపోతుందని నాకెవరు చెప్పారు?" కప్పు నావైపు జరిపింది.  "వాళ్లు తిరిగొచ్చి, పచ్చబొట్లు తడుముకుంటూ నాన్నా నాన్నా అంటుంటే, ఆ మాట ఎలా చెప్పను? చెప్పకుండా ఉండిపోయాను. నిన్న చెప్పాను. నవ్వింది. బాబాయి నేర్పాడా అంది."

ఆ ఒక్క పొట్లం తప్ప మా వదిన జన్మలో అబద్ధమాడలేదు. ఆమె నిజాన్ని నమ్మకుండా చేసింది ఈ ఇంట్లో నేనున్నానన్న సంగతే! రబ్బరు బల్లులు, దొంగ ఫోన్లు, కుర్చీలో కూర్చోగానే ఊళలు పెట్టే గాలి సంచులు, అన్నీ కలిసి ఆ పిల్ల కళ్ల మీద కూర్చున్నాయి.

"పద. ఇద్దరం కలిసి చెబుదాం. కావాలంటే జాడీ చూపిద్దాం, ఇదిగో మీ నాన్న, ఎక్కడివాడు అక్కడే ఉన్నాడని."

వదిన గభాలున లేచింది.

"జాడీ ఎందుకు?"

"నమ్మించడానికి."

"జాడీ జోలికి రావద్దు."

అంత గట్టిగా ఆమె మాట్లాడటం నేనెన్నడూ వినలేదు. వెంటనే తగ్గి, నా కప్పు సర్దింది. మణికట్టు ఎంత సన్నబడిందో అప్పుడు చూశాను. ఈమధ్య ఆమె సరిగా తినడం లేదు. ఎప్పుడడిగినా, కడుపు నిండుగా ఉందంటుంది.

*

అందరం దొరసాని గదిలోకి చేరాం. ప్లీడరుని కూడా రానిచ్చింది, కాకపోతే తలుపు ఓరగా వేసి గుమ్మం దగ్గరే నిలబడమంది. ఆ సందులోంచి వచ్చే మసక వెలుతురులోనే మాకు ఒకరికొకరు కనిపిస్తున్నాం. నేను విషయం చెప్పాను. ఒక్క వేళాకోళం లేకుండా, ఒక్క అక్షరం కలపకుండా చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

 చెప్పడం అయ్యాక దొరసాని చప్పట్లు కొట్టింది.

"భేష్! ఈసారి బాగా తయారై వచ్చారు. సాన కింద డబ్బా కూడా పెట్టావు బాబాయ్. ఎంత బాగా అల్లావు!"

"అల్లలేదే తల్లీ. ఒట్టు."

"ఇదిగో, ఒట్టు కూడా వచ్చేసింది!"

"అక్కా, అబద్ధమైనా నిజమైనా నీకేం పోయింది?" అన్నాడు ప్లీడరు. "నాన్న అయితే నాన్న. నిన్ను గుడ్డిదాన్ని చేయాలని ఆయనకేం సరదా? కోయించుకో!"

"నీ భుజం మీద కూడా ఉందిగా. ముందు నువ్వు కోయించుకో."

"నాదేం లేవలేదు."

"లేచినప్పుడు మాట్లాడదాం."

 గాజుపొడి అన్నప్పటి నుంచి వాడి చెయ్యి చొక్కా మీదుగా భుజాన్ని గోకుతోంది. వాడికి తెలుసో లేదో.

"నిజమే చెప్పానమ్మా," అంది వదిన.

దొరసాని నవ్వు ఆపింది. తల్లి గొంతులో ఏముందో, అది దానికి తగిలింది. తలగడ కింద తడిమి ఒక కళ్లద్దాల పెట్టె తీసింది. తెరిస్తే లోపల మడిచిన కాగితం.

"రంగులో కలపగా మిగిలింది," అంది. "ఇన్నాళ్లూ విప్పలేదు. నాన్నని వేళ్లతో నలపలేక."

"విప్పు," అన్నాను. "గాజుపొడి ఎలా ఉంటుందో నీ వేళ్లకంటే ఎవరికి తెలుసు?"

కాగితం విప్పిన గరగర. చూపుడువేలూ బొటనవేలూ కలిపి నలిపిన చప్పుడు. చీకట్లో అంత చిన్న చప్పుడు కూడా పళ్ల మీద గీసినట్టు వినిపించింది.

దొరసాని మళ్లీ నలిపింది.

"బరకగా ఉంది," అంది చివరికి. "కానీ బూడిద కూడా ఇలాగే ఉంటుందేమో. నాకేం తెలుసు? ఎప్పుడైనా ముట్టుకున్నానా? జాడీ తీసుకురా అమ్మా. ఒక వేలికి ఇది, ఒక వేలికి అది. రెండూ వేరైతే నమ్ముతాను. ఈ క్షణమే బయల్దేరతాను."

"బయల్దేరతావా?" అన్నాడు ప్లీడరు. "నిజంగా?"

"రెండూ వేరైతే."

"అమ్మా, జాడీ!"

వదిన కదల్లేదు.

"వదినా, పిల్ల కన్ను," అన్నాను.

కదల్లేదు.

"చిటికెడు చాలమ్మా. నాకు ఇవ్వకు, నీ చేత్తోనే నా వేలికి రాయి," అంది దొరసాని.

"మాట నమ్మొచ్చుగా," అంది వదిన. "నా మాట."

"నమ్మాలనే ఉంది. అందుకే అడుగుతున్నా."

ప్లీడరుకి ఓపిక నశించింది. చరచరా పక్కగదిలోకి వెళ్లాడు. బీరువా తలుపు కిర్రుమంది. వదిన గుండెల మీద చెయ్యి వేసుకుంది. మెల్లగా ఆ చెయ్యి జారి పొట్ట మీద ఆగింది.

వాడు తెల్ల పింగాణీ జాడీ పట్టుకొచ్చాడు. రెండు చేతులతో, భయంగా, నిండుకుండలా పట్టుకున్నాడు. అక్క ఒళ్లో పెట్టబోతూ ఆగి, ఒకసారి పైకెత్తి చూశాడు.

"ఇంత తేలిగ్గా ఉందేంటి?"



మేం దాన్ని ఇంటికి తెచ్చిన రోజు నాకు గుర్తుంది. మెడదాకా నిండి, మూత గట్టిగా అదిమితే గానీ పట్టలేదు. ఈ లావు మనిషి ఇంత జాడీలో పట్టాడా అని నేనే జోకేశాను. అందరూ ఏడుస్తూ నవ్వారు.

దొరసాని మూత తీసింది. కుడిచెయ్యి లోపల పెట్టింది. వేళ్లు దిగాయి, అరచెయ్యి దిగింది, మణికట్టు దిగింది.

టంగుమంది.

దొరసాని ఉలిక్కిపడింది. చెయ్యి ఆగింది. మళ్లీ వెతికింది. టంగ్, టంగ్. మెల్లగా బయటికి తీసింది. చేతిలో ఏదో సన్నగా ఉంది. కళ్లు పని చేయవు కాబట్టి వేళ్లతో ఆ కొస నుంచి ఈ కొసదాకా తడిమింది. కాడ మెలితిరిగి ఉంది.

"చెంచా," అంది.

నేను దాచలేదని అప్పుడు రుజువైంది. ఆ గెలుపు నాకొద్దనిపించింది.

"అడుగున ఏమీ లేదు," అంది దొరసాని. "గీకేసి ఉంది. అమ్మా, నాన్న ఏడీ?"

"ఎక్కడికీ పోలేదు," అంది వదిన.

"ఏడమ్మా?"

"పొద్దున్నే గ్లాసు నీళ్లలో. ఒక్క చెంచా." అదే గొంతు, ధర చెబుతున్నట్టు. "రుచేమీ ఉండదు. మొదట్లో గొంతుకి అడ్డంపడేది. తర్వాత అలవాటైంది. మీ ఇద్దరూ ఒంటి మీదున్నాడని అనుకున్నారు. మరి నేనెక్కడ పెట్టుకోను?"

ప్లీడరు గోడకు ఆనుకుని అలాగే జారి కూర్చున్నాడు. 

"అందుకే చెప్పాను, నీ చేతిలో ఉన్నది ఆయన కాదని," అంది వదిన కూతురితో, ఓదారుస్తున్నట్టు. "నేనెవరికీ ఇవ్వలేదు. చిటికెడు కూడా. నీ చెయ్యి కోయించుకో తల్లీ, భయం లేదు. ఆయనకి నొప్పి తగలదు."

దొరసాని కుడిచేతిలో చెంచా. ఎడమచేతి మీద కళ్లద్దాలు, ఉబ్బి, చీకట్లో కూడా ఆనవాలు తెలిసేంతగా. ఆ అద్దాల వెనక ఇప్పుడెవరూ లేరు. వట్టి గాజు. అయినా అవి చూస్తూనే ఉన్నట్టనిపించింది నాకు. అప్పుడనుకున్నాను, ఇంతసేపూ అవి చూస్తున్నది మమ్మల్ని కాదేమో, మా వదిననేమోనని.

"ఈ పొద్దున కూడానా?" అడిగింది దొరసాని.

"ఈ పొద్దున్నే అయిపోయింది." వదిన గొంతు అప్పుడు విరిగింది, ఎండుపుల్లలా, టపుక్కున. "రేపు పొద్దున లేచి ఏం చేయాలో తెలియడం లేదమ్మా."

 

లేచి నిలబడింది దొరసాని. కళ్ల మీద నల్లగుడ్డ కట్టుకుంది. చెంచా జాడీలో వేసి, జాడీ తల్లి చేతికిచ్చింది.

"బాబాయ్, బండి పిలువు. ఆస్పత్రికి వెళ్దాం."

నా ఒళ్లు తేలికైపోయింది. "పిలుస్తున్నా, ఇదిగో పిలుస్తున్నా!"

"ఇద్దరం వస్తాం. నేనూ, అమ్మా. నా చెయ్యి చూసేవాళ్లు అమ్మ పొట్ట కూడా చూస్తారు."

వదిన వెనక్కి ఒక అడుగు వేసింది.

"నాకేమైంది?"

"ఏమీ కాలేదనే చెప్పనీ. చూస్తే చాలు."

"చూసి?" జాడీని పొట్టకు అదుముకుంది. "చూసి, నాలోంచి కూడా తీసేస్తారా?"

"ఎవరూ ఏమీ తీయరమ్మా," అన్నాడు ప్లీడరు కిందనుంచే. కానీ ఆ మాటలో బలం లేదు. వాడి చెయ్యి భుజం మీదే ఉంది.

వదిన మా ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. ఆ తర్వాత తలూపింది, మరీ తొందరగా ఒప్పేసుకున్నట్టు.

"సరే. మీరు దిగుతూ ఉండండి. జాడీ లోపల పెట్టి, చెప్పులేసుకుని వస్తాను."

ప్లీడరు అక్క చెయ్యి పట్టుకున్నాడు. నేను ముందు నడిచాను, పడితే నా మీద పడుతుంది, మెత్తగా ఉంటానని. ఆ మాట అంటే దొరసాని నవ్వింది కూడా. ఒక్కో మెట్టే దిగుతున్నాం. కింద షాపులో దీపం వెలుగుతోంది. అరల నిండా వరసలు వరసలుగా ఖాళీ కళ్లద్దాలు, అన్నీ మెట్ల వైపే తిరిగి ఉన్నాయి.

మెట్లు సగం దిగామో లేదో, పైన గడియ పడింది.

దొరసాని ఆగిపోయింది.

"అమ్మా?" పిలిచింది.



"వదినా! బండి వస్తోంది!" అరిచాను. నేను ఇంకా పిలవనే లేదు. ఆ అబద్ధం కూడా ఎవరినీ కదిలించలేదు.

"చీకటి పడుతోంది అక్కా," అన్నాడు ప్లీడరు. "నువ్వు నడువు. అమ్మని నేను తీసుకొస్తా. ఇవాళ దాటితే నీ కన్ను..."

"అమ్మ రాకుండా ఈ మెట్టు దిగను."

కళ్లకు గుడ్డతో, ఎడమచెయ్యి గోడకు ఆనించి, తల పైకెత్తి అలాగే నిలబడింది. మేం కూడా విన్నాం.

పైన, మూసిన తలుపు వెనక, చెంచా జాడీని గీరుతోంది.

అడుగున ఏమీ మిగల్లేదని మేం ముగ్గురం విన్నాం. అయినా గీరుతూనే ఉంది. మధ్యలో ఒకసారి ఆగింది.

తర్వాత, గ్లాసులో నీళ్లు పోసిన చప్పుడు.